"ఫీజు కట్టి ఆయా పని నేర్పిస్తారా?" అని అడిగిన పేరెంట్‌కి ఏం చెప్పాలి

ప్రశ్న: అక్కా, మాది మదనపల్లె వైపు, పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నేనొక సిబిఎస్‌ఈ స్కూల్లో టీచర్ని, ఇదివరకు కేజీకి చెప్పేదాన్ని. ఈ ఏడాది మా స్కూల్లో ఎలెవెన్త్‌కి ఎర్లీ చైల్డ్‌హుడ్ కేర్ అండ్ ఎడ్యుకేషన్ స్కిల్ సబ్జెక్టుగా పెట్టి, కేజీ అనుభవం ఉంది కదా అని నాకు అప్పగించారు. ఇష్టంతో తీసుకున్న వాళ్లు తక్కువ, మార్కులు తక్కువొచ్చి ఇటు తోసేసిన వాళ్లే ఎక్కువ. పేరెంట్స్ మీటింగ్‌లో ఒకాయన అందరి ముందూ "ఇంత ఫీజు కట్టేది ఆయా పని నేర్పించడానికా" అన్నాడు, నాకు నోట మాట రాలేదు. కింద కేజీ ఇంచార్జేమో ఆయమ్మ లీవ్ పెట్టిన రోజల్లా "నలుగురు అమ్మాయిల్ని పంపు" అని మెసేజ్ పెడుతుంది. అసలు వీళ్లకి ఏది ముందు నేర్పాలి, ట్వెల్త్ తర్వాత దారి ఏంటి? ఇంకో మాట, ఒక అబ్బాయి కూడా చేరాడు, వాణ్ని ఏం చెయ్యాలో తెలీట్లేదు.

జవాబు: ఆయనకి చెప్పాల్సిన సమాధానం కేజీ ఇంచార్జి మెసేజ్‌లోనే ఉందమ్మా, అందుకే ముందు దాని సంగతి తేల్చుకుందాం. ఆయమ్మ రాని రోజు మీ పిల్లల్ని కిందకి పంపిస్తే ఆయన అన్న మాట నిజం చేసినట్టే, ఇంక మీటింగ్‌లో మీరు ఎన్ని చెప్పినా ఎవరూ నమ్మరు. కాబట్టి ప్రిన్సిపాల్ దగ్గర కూర్చుని రాతపూర్వకంగా పెట్టించుకోండి, మీ స్టూడెంట్స్ కేజీకి వెళ్లేది టైమ్‌టేబుల్‌లో ఉన్న పీరియడ్‌కే, అదీ క్లాస్ టీచర్ గదిలో ఉన్నప్పుడే, స్టాఫ్ లెక్కలో వాళ్లని ఎప్పుడూ కలపకూడదు అని. ఇదేదో మీ పట్టుదల కోసం కాదు. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం లెక్కలో 18 నిండని ప్రతి ఒక్కరూ పిల్లలే, అంటే మీ పదహారేళ్ల అమ్మాయి కూడా పిల్లే, ఒక పాపని ఇంకో ఇరవై మంది పాపల మీద పెద్దదిక్కుగా నిలబెట్టి రేపు ఎవరైనా పడి తల పగిలితే జవాబు చెప్పాల్సింది ఎవరు? ఈ ఒక్క ప్రశ్న అడగండి చాలు, ప్రిన్సిపాల్ వెంటనే సంతకం పెడతారు.

అలాగని "మా పిల్లలు చదువు చెప్పడం నేర్చుకుంటారు, కడగడం తుడవడం కాదు" అని మాత్రం ఆయనకి చెప్పకండి, అది ఇంకా పెద్ద తప్పు. మూడేళ్ల పిల్లల దగ్గర కడగడం, తుడవడం, తినిపించడం, బొత్తాం పెట్టుకోవడం నేర్పడం, ఇదంతా చదువులోనే భాగం, దీన్ని విడదీసి చూసిన చోటే మన ప్లేస్కూల్స్ చెడిపోయాయి. టీచర్ బోర్డు దగ్గర ఏ ఫర్ యాపిల్ అంటూ ఉంటుంది, పిల్ల ఏడిస్తే ఆయమ్మని పిలుస్తుంది, సాయంత్రానికి ఆ పిల్ల గురించి ఎక్కువ తెలిసింది ఎవరికయ్యా అంటే ఆయమ్మకే. నన్నడిగితే మీ కోర్సులో ఒక క్లాసు మీ కేజీ ఆయమ్మ చేత చెప్పించండి, ఏడుస్తూ వచ్చిన పిల్లని తల్లి చెయ్యి వదిలించి లోపలికి ఎలా తీసుకొస్తుందో, ఎవరు ఎప్పుడు బాత్రూమ్‌కి వెళ్లాలో మొహం చూసి ఎలా కనిపెడుతుందో చెప్పమనండి. ఆమెకి గెస్ట్ లెక్చర్ డబ్బులు కూడా ఇప్పించండి, ఊరికే వద్దు. ఆయా పని అనే మాట తిట్టుగా వాడటం మీ పదహారేళ్ల వాళ్లు ఆ రోజుతో మానేస్తారు, తండ్రుల సంగతి తర్వాత.

ఇక ఏది ముందు నేర్పాలి అన్నారు. చూడటం. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. మనవాళ్లు ట్రైనింగ్ అనగానే చార్టులు, చెమ్కీలు, థర్మాకోల్ మీద పడిపోతారు, ప్రాక్టికల్ ఫైల్ అంటే రంగు రంగుల బొమ్మలు అతికించిన పుస్తకం అనుకుంటారు, అది అమ్మానాన్నలు రాత్రి పదకొండింటికి కూర్చుని చేసిపెట్టేది. దాని బదులు మొదటి టర్మ్ మొత్తం ఒకే పని పెట్టండి, కేజీలో ఒక మూల చిన్న స్టూల్ మీద కూర్చుని, ఒక్క పిల్లనే పది నిమిషాలు చూసి, కనిపించిందీ వినిపించిందీ రాయాలి. అంతే. అల్లరి, మొండి, తెలివైన, బద్ధకం, సిగ్గు, ఈ మాటలు నోట్‌బుక్‌లో కనిపిస్తే కొట్టేసి మళ్లీ రాయించండి. "వాడు బాగా అల్లరి" అని రాసిన అమ్మాయి చేత, "నాలుగు బ్లాకులు పేర్చాడు, పక్కనున్న పాప ఐదోది పెట్టబోతే చెయ్యి తోసేశాడు, టవర్ పడిపోయింది, పాప వైపు చూసి మళ్లీ మొదటి బ్లాకు వాడే ఆమెకి ఇచ్చాడు" అని రాయించగలిగితే మీ సగం కోర్సు అయిపోయినట్టే. ఎందుకంటే మొదటి దాంట్లో వాడికి ఏం చెయ్యాలో తెలీదు, రెండోది చదివితే వీడికి సొంత ఆలోచన ఉంది, పంచుకోవడం ఇప్పుడిప్పుడే వస్తోంది, రేపు ఇద్దరికి సరిపడా బ్లాకులు పెడితే గొడవ తగ్గుతుంది అని తెలుస్తుంది. మొదట్లో బోర్ అంటారు, ఫోన్ వైపు చేతులు పోతాయి, ఓపిక పట్టండి, మూడు నాలుగు వారాలకి వాళ్లే వచ్చి "మ్యామ్, ఆ పాప ఎడమ చేత్తో తీసుకుని కుడి చేత్తో పెడుతోంది ఎందుకు" అని అడుగుతారు. పుస్తకంలో ఉన్న డెవలప్‌మెంట్ పాఠాలు అప్పుడు తియ్యండి, అంతకు ముందు తీస్తే అది సోషల్ పాఠంలా బట్టీ పడతారు.

ఫోన్ అన్నాను కాబట్టి ఇది కూడా ఇక్కడే. కేజీ గదిలోకి ఫోన్ రాకూడదు. పిల్లల ఫోటో స్టేటస్‌లో పెట్టడం, రీల్ చెయ్యడం, "సో క్యూట్" అని అమ్మకి పంపడం, ఏదీ కుదరదు, ఎవరి పిల్లల ఫోటో అయినా వాళ్ల అమ్మానాన్నల సొత్తు. దీంతోపాటు పిల్లతో ఎవరూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, బాత్రూమ్‌కి తీసుకెళ్లేది స్టాఫే, ఏదైనా తేడాగా అనిపిస్తే దాచకుండా మీకు చెప్పాలి, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ అని ఒకటి ఉంది అని మొదటి వారంలోనే చెప్పి సంతకం తీసుకోండి. ఇవి మీ స్టూడెంట్స్‌ని కూడా కాపాడే రూల్స్ అని చెప్తే మూతి ముడుచుకోరు.

ఫస్ట్ ఎయిడ్ మాత్రం బయటి నుంచి డాక్టర్నో నర్సునో పిలిచి బొమ్మ మీద చేయించి నేర్పించండి, వీడియో చూపించి వదిలెయ్యొద్దు. చిన్న పిల్లలకి వేరుశనగ గింజలు, గుండ్రటి ద్రాక్షలు ఎందుకు అలాగే ఇవ్వకూడదో, గొంతులో అడ్డం పడితే వీపు మీద ఎలా కొట్టాలో, జ్వరం ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో స్పూన్ పెట్టడం కాకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి టైమ్ చూసుకోవాలని. ఇది రేపు వాళ్లు టీచర్లు కాకపోయినా అమ్మలూ పిన్నులూ మామయ్యలూ అయినప్పుడు పనికొచ్చేది, పేరెంట్స్ మీటింగ్‌లో అందరికీ నచ్చేది కూడా ఇదొక్కటే.

రెండో టర్మ్‌లో చిన్న చిన్న పనులు ఇవ్వండి. ఐదుగురు పిల్లలు, పది నిమిషాలు, ఒక కథో ఒక ఆటో. ముప్పై మందికి క్లాస్ చెప్పించే పని ఇప్పుడు వద్దు. ఒప్పులకుప్ప ఆడించినా సరే, మైదాపిండిలో ఉప్పు, కొంచెం నూనె వేసి కలిపి ముద్దలు చేయించినా సరే, కానీ ముందు రాసివ్వాలి ఏం చెయ్యబోతోందో, అయ్యాక రాయాలి ఏం జరిగిందో, ముగ్గురు మధ్యలో లేచి కిటికీ దగ్గరికి పోతే ఎందుకు పోయారో. పోవడం తప్పేం కాదు. కిటికీ బయట జేసీబీ ఉంటే మీరూ నేనూ కూడా లేచి పోతాం. వాళ్లు వర్క్‌షీట్లు తీసుకొస్తామంటే ఆపండి. 2022లో వచ్చిన ఫౌండేషనల్ స్టేజ్ కరికులమ్ ఫ్రేమ్‌వర్క్ మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి పాఠ్యపుస్తకమే అక్కర్లేదు అంటోంది, మనం మాత్రం మూడేళ్లకే వేలు వంచి అక్షరాలు దిద్దిస్తున్నాం, వేలికి బలం రాకుండా.

ఇంకోటి, మీకు బెంగళూరులో ఉన్న పెద్ద లాభం భాషలు. మీ కేజీలో తెలుగు, కన్నడ, తమిళం, హిందీ, ఒడియా అన్నీ ఉంటాయి, పైన మీ ఎలెవెన్త్‌లో కూడా అవే ఉంటాయి. క్లాసులో ఇంగ్లీషుకి నోరు విప్పని నాలుగేళ్ల వాడితో అనంతపురం అమ్మాయి "నీళ్లు తాగుతావా నాయనా" అంటే వాడు వాళ్ల తాత ఊరి ఎనుము దాకా అంతా చెప్పేస్తాడు, ఆ టీచర్‌కి వీడు మాట్లాడగలడనే తెలియదు అప్పటిదాకా. ఏ స్టూడెంట్ ఏ భాష మాట్లాడుతుందో చూసి పిల్లల్ని ఇవ్వండి. మన తెలుగు పిల్లలు మాత్రం కన్నడ మాట్లాడటం చదవడం రెండూ గట్టిగా నేర్చుకోవాలి, బెంగళూరులో ఉంటూ చిన్నపిల్లల మధ్య పని చేద్దామనుకుంటే అది లేకుండా కుదరదు, అంగన్‌వాడీ పోస్టుకైతే అస్సలు కుదరదు.

గంటల లెక్క గురించి ఒక మాట. అమెరికాలో సీడీఏ అని ఒక సర్టిఫికెట్ ఉంది, చైల్డ్ డెవలప్‌మెంట్ అసోసియేట్, 1975 నుంచి ఇస్తున్నారు, అక్కడ హైస్కూల్లో ఈ లైన్ తీసుకున్న చివరి రెండేళ్ల పిల్లలు కూడా దీనికి వెళ్లొచ్చు. దానికి 120 గంటల పాఠాలైతే 480 గంటలు పిల్లల మధ్య పని చెయ్యాలి, అంటే పాఠానికి నాలుగింతలు. మన దగ్గర ఇది తలకిందులు, పాఠం ఎక్కువ, పిల్లలు తక్కువ. మీరు వారానికి ఒక పూట, మూడు గంటలు ఇప్పించుకున్నా ఏడాదికి 30 వారాలు వేసుకుంటే 90 గంటలు, రెండేళ్లకి 180. సగం కూడా కాదు కానీ, ట్వెల్త్ అయ్యాక ఏ కాలేజీకి వెళ్లినా ఏ ప్లేస్కూల్‌కి వెళ్లినా తారీఖులతో టీచర్ సంతకాలతో 180 గంటల రికార్డు చూపించే పిల్ల వేరేగా కనిపిస్తుంది. వారానికో పూట కోసం మాత్రం ప్రిన్సిపాల్‌తో పోట్లాడండి, పీరియడ్ పీరియడ్‌గా నలభై నిమిషాలు ఇస్తే చెప్పులు విప్పి లోపలికి వెళ్లి కూర్చునేలోపు బెల్ కొడతారు.

స్కూల్ కేజీ ఒక్కటే చూపించకండి, దగ్గర్లో ఉన్న అంగన్‌వాడీకి కూడా అనుమతి తీసుకుని తీసుకెళ్లండి. 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ అనే కేంద్ర పథకం ఇది, మన దేశంలో చిన్నపిల్లల కోసం ఇంతకంటే పెద్ద ఏర్పాటు లేదు, ఒక్కామె అక్కడ ఆటపాటలు చూస్తుంది, బరువు ఎత్తు తూస్తుంది, గర్భిణుల లెక్క చూస్తుంది, భోజనం చూస్తుంది, పైగా ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ నింపుతుంది. దానికి కేంద్రం ఇచ్చే గౌరవ వేతనం 2018లో పెంచాక నెలకి 4,500 రూపాయలు, దాని మీద రాష్ట్రం కలిపేది వేరు. జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. వీళ్లకీ గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో చెప్పాల్సి వచ్చింది. ఇదంతా మీ స్టూడెంట్స్‌కి దాచకుండా చెప్పండి, ఈ లైన్లో డబ్బు మొదట్లో తక్కువ, కొన్ని చిన్న ప్లేస్కూల్స్‌లో అసిస్టెంట్‌కి ఇచ్చేది బస్సు ఖర్చులూ టిఫిన్ ఖర్చులూ పోతే చేతిలో ఏమీ మిగలదు. తెలిసి వచ్చేవాళ్లే నిలబడతారు. ఐతే ఇంకో వైపు కూడా చెప్పాలి కదా, 2017లో మెటర్నిటీ చట్టం మార్చినప్పుడు 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ఆఫీసులకి క్రెష్, అంటే ఉద్యోగుల చిన్నపిల్లల్ని చూసుకునే చోటు, తప్పనిసరి చేశారు, మీ మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఉన్న టెక్ పార్కులు చూడండి, అక్కడ పిల్లల్ని చూసుకోవడం నిజంగా తెలిసిన మనుషులు కావాలి.

ట్వెల్త్ తర్వాత దారులు. ఒకటికి రెండుసార్లు చదవండి, ఇక్కడే డబ్బులు పోగొట్టుకునేది.

టీచర్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ, దాని గుర్తింపు ఉన్నది డీపీఎస్‌ఈ, అంటే డిప్లొమా ఇన్ ప్రీస్కూల్ ఎడ్యుకేషన్, రెండేళ్లు, ట్వెల్త్‌లో 50 శాతం ఉండాలి. ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీలో డీఈసీఈ అని చిన్నపిల్లల సంరక్షణ, చదువు మీద ఏడాది డిప్లొమా ఉంది, దూరవిద్య, ట్వెల్త్ చాలు, పక్కన ఏదైనా డిగ్రీ చేసుకునే పిల్లలకి ఇది బాగా కుదురుతుంది, ఫీజు కూడా ప్రైవేటుతో పోలిస్తే తక్కువే. హోమ్ సైన్స్‌లో హ్యూమన్ డెవలప్‌మెంట్ ఉన్న డిగ్రీలు బెంగళూరులో ఉన్నాయి, సైకాలజీ డిగ్రీ కూడా మంచిదే. డిగ్రీ, టీచర్ ట్రైనింగ్ కలిపి చేసే నాలుగేళ్ల ఐటెప్ కోర్సులో ఫౌండేషనల్ స్టేజ్ అనే స్ట్రీమ్ ఉంది, 2023-24లో మొదలైంది, దానికి నేషనల్ ఎంట్రన్స్ రాయాలి. మాంటిస్సోరి ట్రైనింగ్‌కి బెంగళూరు, చెన్నై రెండూ పేరున్న ఊళ్లే, కొన్ని చోట్ల డిగ్రీ అడుగుతారు, కాబట్టి ముందే కనుక్కోవాలి.

మెట్రో పిల్లర్ల మీద కనిపించే ఎన్‌టీటీ, అంటే నర్సరీ టీచర్ ట్రైనింగ్ కోర్సుల దగ్గర మాత్రం ఆగండి. ఆరు నెలల్లో సర్టిఫికెట్, గ్యారంటీ జాబ్ అంటారు. ప్రైవేట్ ప్లేస్కూల్లో చేరడానికి కొన్నిసార్లు పనికొస్తాయి, కాదనను, కానీ గవర్నమెంట్ పోస్టుకి పనికొస్తుందని ఎవరైనా చెప్తే ఎన్‌సీటీఈ గుర్తింపు కాగితం చూపించమనండి, మాట మార్చేస్తారు. ఇంకో అపోహ, "ముందు ఏదో డిగ్రీ, తర్వాత బీఎడ్ చేస్తే చిన్నపిల్లలకీ చెప్పొచ్చు" అని. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రైమరీ టీచర్ పోస్టుకి బీఎడ్ అర్హత కాదని తేల్చేసింది. కొత్త విద్యావిధానం ప్రకారం ఒకటి రెండు తరగతులు కూడా ప్రీస్కూల్‌తో కలిపి మూడు నుంచి ఎనిమిదేళ్ల ఫౌండేషనల్ స్టేజ్‌లోకే వస్తాయి, అంటే ఒకటో తరగతి దాకా చెప్పాలని ఉన్న పిల్ల డీఎల్‌ఎడ్, అంటే ప్రైమరీ టీచర్ డిప్లొమా గురించి ఇప్పుడే ఆలోచించుకోవాలి. అంగన్‌వాడీ వర్కర్‌కి ఇప్పుడు కేంద్రం మార్గదర్శకాల్లో ట్వెల్త్ పాస్ ఉండాలి, ఆ ఏరియాలో ఉండేవాళ్లకే ఇస్తారు.

మార్కులు తక్కువొచ్చి వచ్చారు అన్నారు కదా, దాని గురించి బెంగ పెట్టుకోకండి, లెక్కల్లో తక్కువొచ్చిన పిల్లలందరికీ చిన్నపిల్లల దగ్గర ఓపిక ఉంటుందని కాదు, కొందరికి అస్సలు ఉండదు, అది కూడా ఈ రెండేళ్లలో తేలిపోతే మంచిదే, "నాకిది కాదు" అని పదిహేడేళ్లకే తెలుసుకోవడం తక్కువ సంగతా. అలా తెలుసుకున్న పిల్లని తిట్టకండి. మార్కులు వేసి పంపించండి.

ఆ తండ్రికి ఏం చెప్పాలి అంటే, వాదించకండి. వచ్చే మీటింగ్‌కి వాళ్ల అమ్మాయి నోట్‌బుక్‌లో ఒక్క పేజీ, ఆ బ్లాకుల లాంటిది, చదివి వినిపించండి. మరీ బిగుసుకుంటే మరియా మాంటిస్సోరి సంగతి చెప్పండి. ఆవిడ 1896లో రోమ్‌లో డాక్టర్ పట్టా తీసుకున్న మనిషి, ఆ రోజుల్లో ఆడవాళ్లు డాక్టర్ చదవడమే అరుదు, 1907లో కూలి పనులు చేసుకునే వాళ్ల పేటలో వాళ్ల పిల్లల కోసం బడి తెరిచింది, చేతులు కడుక్కోవడం, గిన్నెలు తోముకోవడం, బొత్తాలు పెట్టుకోవడం అక్కడ పాఠాలు. 1939లో మద్రాసు అడయారుకి వచ్చింది, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోయి మన టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చింది. మన ఊళ్లలో బోర్డు మీద మాంటిస్సోరి అని రాసుకున్న ప్రతి బడీ ఆవిడ పేరు వాడుకుంటోంది, కొన్నైతే లక్షల్లో ఫీజులు కూడా తీసుకుంటున్నాయి, ఆ ఫీజు మాత్రం ఆయా పనికి కడుతున్నాం అని ఎవరూ అనుకోరు. విన్నాక కూడా కొందరు మారరు, వాళ్లని వదిలెయ్యండి, మీకు పని చాలా ఉంది.

చివరిగా ఆ అబ్బాయి. వాణ్ని ఏమీ చెయ్యకండి, అందరితో పాటే కూర్చోబెట్టండి. వాడి కోసం ప్రత్యేకంగా రూల్ పెట్టారంటే మొదటి రోజే అందరి కళ్లలో అనుమానం నాటినట్టే, నేను పైన చెప్పిన తలుపు రూల్, బాత్రూమ్ రూల్ అందరికీ ఒకేలా పెడితే వాడికి వేరే రూలు అవసరమే రాదు. "బొమ్మలు మోయడానికి పనికొస్తాడు" అని బల్లలు జరపడానికి వాడుకోవద్దు, కథ చెప్పే వంతు వాడికీ రావాలి. ఒకటి మాత్రం వాడితో విడిగా మాట్లాడండి, ప్రైవేట్ కేజీల్లో మగ టీచర్లని తీసుకోవడానికి చాలా చోట్ల ఇంకా వెనకాడతారు, అది వాడికి ముందే తెలియాలి. దానికి తగ్గట్టు స్పెషల్ ఎడ్యుకేషన్ వైపు చూడొచ్చు, ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్న కోర్సులు ఉన్నాయి. వాడు సైన్స్ గ్రూప్ అయితే మైసూరులో ఐష్ ఉంది, ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్, మాట రాని, వినపడని పిల్లలతో పని చేసే డిగ్రీ అక్కడ ఉంది. కేజీలో ఏడాదిపాటు పిల్లలు ఎలా మాట్లాడతారో చూసి రాసుకున్న నోట్‌బుక్ ఉన్న కుర్రాడికి ఆ సీటు వస్తే మొదటి సెమిస్టర్ చాలా సుళువవుతుంది. వాడు ఏ గ్రూపో మీరు రాయలేదు, ఇవాళే కనుక్కోండి, సైన్స్ కాకపోతే మార్చుకునే గడువు మీ స్కూల్లో ఎప్పటిదాకా ఉందో కూడా చూడండి.